పద్నాలుగేళ్ల గూఢచారిని ఎవరు పంపారు?

2000వ సంవత్సరంలో బ్రిటన్‌లో ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని రెండు రచనలు వెలువడ్డాయి. మొదటిది ఆంథొనీ హోరొవిట్జ్ రాసిన ‘స్టార్మ్‌బ్రేకర్’ అనే నవల. అందులో అలెక్స్ రైడర్ అనే పద్నాలుగేళ్ల కుర్రవాణ్ణి ఎం.ఐ.6 అనే గూఢచార సంస్థ తన పనికి వాడుకుంటుంది. రెండవది ఒక ప్రభుత్వ ఉత్తర్వు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలను పోలీసులు, ఇతర ప్రభుత్వ సంస్థలు రహస్య సమాచారం రాబట్టడానికి ఏ షరతుల మీద వాడుకోవచ్చో అది చెబుతుంది. నవలను లక్షల మంది పిల్లలు చదివారు. ఉత్తర్వు మాత్రం, 2018లో పార్లమెంటు ఎగువ సభకు చెందిన ఒక కమిటీ దాని మీద ఆందోళన వ్యక్తం చేసేదాకా, సామాన్య జనం నోళ్లలో పడలేదు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, పదకొండు నుంచి పదిహేనేళ్ల వయసు వారి కోసం రాసే గూఢచారి నవలల్లో అసలు ముడి ఎక్కడుందో కనిపిస్తుంది. పెద్దల గూఢచారి కథలో నాయకుడు జీతం తీసుకుని, ప్రమాదం తెలిసి, ఒప్పుకుని పనిలో చేరినవాడు కాబట్టి అతన్ని శత్రువు మీదికి పంపే హక్కు పై అధికారికి ఉందా అనే అనుమానం పాఠకుడికి రాదు. నాయకుడి వయసును పద్నాలుగుకు దించిన మరుక్షణం అనుమానాలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. ఇతని తల్లిదండ్రులు ఏరీ? బడి మాటేమిటి? చేతికి తుపాకీ ఇవ్వవచ్చా? ఇష్టం లేదంటే వదిలేస్తారా? ప్రాణం పోతే జవాబు చెప్పేది ఎవరు? మనం వినోదం కోసం పెట్టారనుకునే ఏర్పాట్లు, అంటే తల్లీతండ్రీ లేని నాయకుడు, ఆటవస్తువుల్లా కనిపించే పరికరాలు, పిల్లలకే ప్రత్యేకించిన రహస్య శిక్షణాలయం వంటివి, చాలావరకు ఈ ప్రశ్నలకు రచయితలు వెతుక్కున్న సమాధానాలే.

మా తరం తెలుగు పిల్లలకు ఈ ప్రశ్నలు ఎదురుకాలేదు, ఎందుకంటే మాకు దొరికిన పరిశోధకులూ గూఢచారులూ అందరూ పెద్దవాళ్లే. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు గారి షాడో మా ఊరి అద్దె పుస్తకాల కొట్టులో పక్కపక్క అరల్లో ఉండేవారు. అట్ట ఊడిపోకుండా దబ్బనంతో కుట్టిన లావుపాటి దారం ప్రతి పేజీలోనూ లోపలి అంచున రెండు మూడు అక్షరాలను మింగేసేది. మిగిలిన అక్షరాలను బట్టి ఆ మాట ఏమై ఉంటుందో ఊహించుకుంటూ చదివేవాళ్లం. కులకర్ణి గారు పిలిచి పని అప్పగించగానే షాడో బయలుదేరేవాడు. వద్దనే తల్లి, హాజరు వేసే మాస్టారు, సంతకం పెట్టాల్సిన సంరక్షకుడు ఆ కథల్లో ఉండేవారు కారు. ఉండవలసిన అవసరమూ లేదు. పదమూడేళ్ల నేను షాడోగా మారాలంటే ముందు పాతికేళ్ల వాణ్ణి కావాలి. ఆ దూరమే మాకు రక్షణగా ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది. అలెక్స్ రైడర్ చదివే పిల్లవాడికి ఆ దూరం లేదు. రేపు ఉదయం తన ఇంటి తలుపు కొట్టి కూడా ఎవరో పిలవవచ్చు అన్న ఊహ మీదే ఆ నవలల ఆకర్షణ అంతా నిలబడి ఉంది.

ముందుగా అనాథత్వం సంగతి చూద్దాం. అలెక్స్‌కు తల్లిదండ్రులు లేరు, పెంచిన పినతండ్రి మొదటి నవల మొదటి పుటలకే చనిపోయి ఉంటాడు. రాబర్ట్ ముచమోర్ 2004లో మొదలుపెట్టిన ‘చెరబ్’ నవలల్లో జేమ్స్ అనే పిల్లవాడు తల్లి మరణం తర్వాతనే రహస్య సంస్థలోకి వస్తాడు. చార్లీ హిగ్సన్ 2005 నుంచి రాసిన కుర్ర జేమ్స్ బాండ్ కథల్లోనూ బాండ్ తల్లిదండ్రులు పర్వతారోహణలో మరణించినవారే. ఈ కోవకంతటికీ మూలపురుషుడనదగ్గ ‘కిమ్’, అంటే 1901లో రడ్యార్డ్ కిప్లింగ్ సృష్టించిన లాహోర్ వీధిబాలుడు, అతనూ అనాథే. ఇంట్లో అమ్మ ఉంటే కథ గుమ్మం దాటదు కాబట్టి రచయితలు ముందే అడ్డు తొలగించుకుంటారని విమర్శకులు సాధారణంగా చెబుతారు. అది నిజమే, కానీ అందులో సగమే.

మిగతా సగం కౌటిల్యుడు చెప్పాడు. అర్థశాస్త్రం మొదటి అధికరణంలో గూఢచారుల రకాలను వివరిస్తూ, బంధువులు లేక రాజ్యమే తప్పనిసరిగా పోషించవలసి వచ్చిన వారికి సాముద్రికం, శకునశాస్త్రం, ఇంద్రజాలం వంటి విద్యలు నేర్పి ‘సత్రులు’ అనే పేరుతో వేగుకు వాడుకోవాలని ఆయన రాశాడు. తనవారంటూ లేని మనిషికి అన్నం పెట్టిన చేయే సర్వస్వం అవుతుంది, అతని విధేయతలో వాటా అడిగేవారు ఉండరు. అంటే అనాథ గూఢచారి ఇరవై ఒకటో శతాబ్దపు బాలసాహిత్యం కనిపెట్టిన కిటుకు కాదు. రాజ్యం చాలా పాతకాలం నుంచీ చేస్తూ వచ్చిన లెక్క అది. పిల్లల నవలల్లో మంచివి ఆ లెక్కను బయటపెడతాయి, నాసిరకంవి దాన్ని అదృష్టంగా చూపిస్తాయి. ఈ కోవలో ఏ పుస్తకం చేతికి వచ్చినా నేను ముందుగా పరీక్షించేది ఈ సంగతినే.

‘స్టార్మ్‌బ్రేకర్’లో అలెక్స్‌ను పనిలోకి దించే ఘట్టాన్ని దగ్గరగా చూడాలి. పినతండ్రి బ్యాంకు ఉద్యోగి అనీ, కారు ప్రమాదంలో పోయాడనీ అతనికి చెబుతారు. తుక్కుకు చేర్చిన ఆ కారును వెతుక్కుంటూ వెళ్లి, దాని మీద తూటాల రంధ్రాలను కుర్రవాడే స్వయంగా చూస్తాడు. లండన్ లివర్‌పూల్ స్ట్రీట్‌లో బ్యాంకు బోర్డు వెనుక నడుస్తున్న ఎం.ఐ.6 ప్రత్యేక విభాగానికి అధిపతి అలన్ బ్లంట్. బూడిదరంగు సూటు వేసుకునే, ముఖంలో ఏ భావమూ కనపడనివ్వని మనిషి. పినతండ్రి మధ్యలో వదిలేసిన పనిని నువ్వు పూర్తి చేయాలని ఆయన అడుగుతాడు, అలెక్స్ కాదంటాడు. అప్పుడు బెదిరింపు వస్తుంది. ఆ ఇంట్లో అలెక్స్‌ను చూసుకుంటున్న జాక్ అనే అమెరికన్ యువతిని దేశం నుంచి పంపించివేస్తారు, ఇల్లు చేజారుతుంది, అతను అనాథాశ్రమం వంటి చోటికి వెళ్లవలసి వస్తుంది. ప్రపంచంలో తనకు మిగిలిన ఒక్క మనిషిని పోగొట్టుకోలేక పద్నాలుగేళ్ల పిల్లవాడు ఒప్పుకుంటాడు. దేశభక్తి, సాహసం, పగ అన్న మాటలేవీ ఆ ఒప్పుకోలుకు కారణం కావు.

నాకు ఈ ఘట్టం మీద గౌరవం ఉంది. ‘నిన్నే ఎంచుకున్నాం, నువ్వు ప్రత్యేకం’ అని పిల్లవాణ్ణి ఉబ్బించి పంపించడం రచయితకు చాలా సులువుగా ఉండేది. హోరొవిట్జ్ ఆ పని చేయలేదు. పిల్లవాణ్ణి వాడుకునే పెద్దవాళ్లు వాడుకుంటున్నట్టే కనిపిస్తారు, శత్రువు దుర్మార్గుడైనంత మాత్రాన వారి పని మంచిదైపోదు. బ్లంట్ సహాయకురాలు మిసెస్ జోన్స్ ఎప్పుడూ పిప్పరమెంట్లు చప్పరిస్తూ కొంత జాలి చూపుతుంది, కానీ ఆ జాలి ఏ పనినీ ఆపదు. ఆ రెంటి మధ్య తేడా పన్నెండేళ్ల పాఠకుడికి బాగానే అర్థమవుతుంది, ఎందుకంటే ఇంట్లో, బడిలో అలాంటి జాలిని అతను ఎన్నోసార్లు చూసి ఉంటాడు.

తుపాకీ విషయంలోనూ ఇదే పట్టింపు కనబడుతుంది. పరికరాలు తయారుచేసే స్మిథర్స్ అలెక్స్‌కు ఇచ్చేవి యోయో, మొటిమల క్రీమ్, గేమ్ బాయ్. యోయో దారం ఒక మనిషి బరువును మోసి పైకి లాగగలదు, క్రీమ్ చర్మాన్ని ఏమీ చేయకుండా లోహాన్ని తినేస్తుంది, గేమ్ బాయ్‌లో క్యాసెట్ మార్చితే అది మరో పరికరం అవుతుంది. ఈ వస్తువుల ఎంపికలో రెండు లెక్కలు ఉన్నాయి. కుర్రవాడి సంచి వెతికినా అనుమానం రాకూడదు అన్నది కథలోని లెక్క. కుర్రవాడి చేతికి ఆయుధం ఇవ్వకూడదని పై అధికారులు తీర్మానించారన్నది కథను దాటిన లెక్క. దాని ఫలితంగా అలెక్స్ ప్రతి చిక్కులోనూ బుర్ర వాడవలసి వస్తుంది. ఈ ఒక్క నిషేధమే నవల నిర్మాణాన్ని శాసిస్తుంది. కాల్చివేయడం అనే దారి మూసేస్తే రచయిత ప్రతి అధ్యాయానికీ కొత్త ఉపాయం కనిపెట్టక తప్పదు.

ముచమోర్ దారి వేరు. తన మేనల్లుడు చదవడానికి ఏమీ దొరకడం లేదని మొరపెట్టుకుంటే ఆయన ఈ నవలలు మొదలుపెట్టాడు, బహుశా అందుకే వాటిలో కుర్రవాళ్ల మాట, కొట్లాట, అల్లరి ఏ మెరుగులూ లేకుండా ఉంటాయి. ‘చెరబ్’ అనేది పదేళ్ల నుంచి పదిహేడేళ్ల వయసు వారు ఏజెంట్లుగా పనిచేసే ఒక కల్పిత బ్రిటిష్ సంస్థ. వంద రోజుల కఠిన శిక్షణ, హోదాను బట్టి రంగు మారే టీషర్టులు, తరగతులు, హోంవర్కు, తప్పు చేస్తే శిక్షలు అక్కడ ఉంటాయి. పైన వేసిన ప్రశ్నలన్నిటికీ ముచమోర్ నిబంధనల రూపంలో జవాబిస్తాడు. ప్రతి పనికీ నైతిక సంఘం ఆమోదం కావాలి, పిల్లలు ఏ పనినైనా వద్దనవచ్చు, మధ్యలో మానుకోవచ్చు. పిల్లలే ఎందుకు అన్న ప్రశ్నకు ఆయన చెప్పే కారణం కూడా నమ్మదగినదే. పెద్దవాళ్లెవరినీ గడప తొక్కనివ్వని నేరస్థుడి ఇంట్లోకి అతని కొడుకు స్నేహితుడు ఆడుకోవడానికి దర్జాగా వెళ్లగలడు.

ఈ కారణం లోపలే ఆ నవలల బాధ కూడా ఉంది. జేమ్స్ చేయవలసిన పని తాళాలు తీయడం, గోడలు దూకడం కంటే ఎక్కువగా స్నేహం చేయడం. వేల్స్‌లో ఒక కొండవాలు మీద గుడారాల్లోనూ గుడిసెల్లోనూ బతికే జనం మధ్యకు మొదటి పనిమీద వెళ్లినప్పుడు, అక్కడి పిల్లలతో అతను నిజంగానే ఆడతాడు, నిజంగానే దగ్గరవుతాడు. పని ముగిశాక ఆ స్నేహాలు అక్కడే తెగిపోతాయి, తాను ఎవరో వారికి ఎప్పటికీ చెప్పలేడు. నైతిక సంఘం ఆమోదించిన పత్రంలో దీనికి గడి ఉండదు. బాంబులు, వెంటాడడాల కంటే ఈ చిన్న ద్రోహాన్ని పిల్లలు ఎక్కువ కాలం గుర్తుపెట్టుకుంటారని నా నమ్మకం, ఎందుకంటే ఏడో తరగతి వాడి లోకంలో స్నేహితుణ్ణి మోసగించడం కంటే పెద్ద నేరం లేదు. న్యూయార్క్ నేపథ్యంగా లూయీస్ ఫిట్జ్‌హ్యూ 1964లో రాసిన ‘హ్యారియెట్ ద స్పై’లో పదకొండేళ్ల అమ్మాయి తోటివారిని గమనించి నోటుబుక్కులో రాసుకున్న నిజాలు వారి కంటపడినప్పుడు జరిగేది కూడా ఇదే. అక్కడ ప్రభుత్వం లేదు, శత్రుదేశం లేదు, కానీ చూసి రాసుకునేవాడు చెల్లించే మూల్యం అక్కడా ఉంది.

ఇక కిమ్ దగ్గరకు వెళ్లాలి, ఎందుకంటే శిక్షణ అన్న అంశం అక్కడి నుంచే వచ్చింది. సిమ్లాలో లర్గన్ సాహెబ్ అనే రత్నాల వ్యాపారి ఒక పళ్లెంలో రాళ్లు పోసి, కాసేపు చూడనిచ్చి, కాగితం కప్పేస్తాడు. నీలిరాళ్లు ఐదు, పచ్చరాళ్లు నాలుగు అంటూ కిమ్ లెక్క మొదలుపెడతాడు, చివరికి రెండు రాళ్లు గుర్తుకు రాక ఆగిపోతాడు. అక్కడే పనిచేసే ఒక హిందూ బాలుడు అదే పళ్లెం గురించి ఏ రాయికి ఎక్కడ పగులుందో, ఏది ఎన్ని రత్తీల బరువో కూడా చెబుతాడు. రత్తీ అంటే మన కంసాలుల గురివింద గింజ ఎత్తే. వాడు ఎలా గెలుస్తున్నాడని అడిగితే, తప్పు లేకుండా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయడమే రహస్యమని కిమ్‌కు జవాబు వస్తుంది. 1908లో స్కౌటు ఉద్యమ స్థాపకుడు బేడెన్ పోవెల్ ఈ ఆటను తన పుస్తకంలో చేర్చాడు. ఆ తర్వాత ఎన్నో దేశాల పిల్లలు గుడ్డ కింద గుండీలూ తాళంచెవులూ పెట్టి ఈ ఆట ఆడారు. మన బడుల్లో స్కౌటు శిబిరాలకు వెళ్లినవారిలో చాలామంది దాని పుట్టుక తెలియకుండానే ఆడి ఉంటారు.

కిమ్ కథలో శిక్షణ కంటే నన్ను ఎక్కువగా కదిలించేది బడి ఫీజు. లక్నోలోని తెల్లవారి బడిలో కిమ్ చదువుకు డబ్బు కట్టేది, పాపాలను కడిగే నదిని వెతుక్కుంటూ తిరిగే టిబెటన్ లామా. ఆయన ఆ డబ్బును ప్రేమతో, శిష్యుడికి జ్ఞానం దొరుకుతుందని కడతాడు. ఆ చదువుకు ఫలం అందుకునేది మాత్రం సర్వే విభాగం ముసుగులో వేగు నడిపే కర్నల్ క్రైటన్. కొలతలు, పటాలు నేర్చిన కుర్రవాడు ఆయనకు కావాలి. నవల పొడుగునా కిమ్ ఈ ఇద్దరి మధ్య నలుగుతూనే ఉంటాడు, కిప్లింగ్ ఆ ముడిని పూర్తిగా విప్పకుండానే వదిలాడు. సామ్రాజ్యాన్ని మనసారా నమ్మిన రచయిత కాబట్టి క్రైటన్ పనిలో అతనికి తప్పు కనిపించలేదు. లామాను మాత్రం అంత ప్రేమగా చిత్రించడంతో, రచయిత అడగని ప్రశ్న పాఠకుడి మనసులో మెదులుతుంది.

ఆ సర్వే వేగు కల్పన కాదు. కుమావూఁ కొండల్లోని మిలం గ్రామానికి చెందిన నైన్‌సింగ్ రావత్ అనే బడిపంతులు డెహ్రాడూన్‌లో శిక్షణ పొంది 1865లో బయలుదేరి, యాత్రికుడి వేషంలో లాసా చేరాడు. అతని జపమాలలో నూట ఎనిమిదికి బదులు వంద పూసలే ఉండేవి, వంద అడుగులకు ఒక పూస జరిపేవాడు, లెక్కలు రాసిన కాగితాలను ప్రార్థనా చక్రంలో దాచేవాడు. ఆ మాలను పరీక్షగా లెక్కపెట్టి ఉంటే ప్రాణం పోయేది. అయితే నైన్‌సింగ్ అప్పటికి ముప్పై దాటినవాడు, ఎక్కడికి వెళుతున్నాడో తెలిసి వెళ్లినవాడు. అతని అడుగుజాడల మీద కథ అల్లినప్పుడు సాహిత్యం ఆ స్థానంలో పిల్లవాణ్ణి నిలబెట్టింది.

మళ్లీ 2000 నాటి ఉత్తర్వుకు వస్తే, అది చదవడానికి ముచమోర్ నిబంధనలంత శ్రద్ధగానే ఉంటుంది. పదహారేళ్లలోపు వారిని తమ తల్లిదండ్రుల మీదే నిఘాకు వాడకూడదు, వారితో అధికారులు మాట్లాడేటప్పుడు తగిన పెద్దమనిషి ఒకరు పక్కన ఉండాలి, అనుమతి 2018 వరకూ ఒక నెలకే చెల్లేది. ఆ నెల గడువును నాలుగు నెలలకు పెంచాలని 2018లో ప్రభుత్వం ప్రతిపాదించినప్పుడే ఎగువ సభ కమిటీ దాన్ని పట్టించుకుంది. 2015 జనవరి నుంచి పిల్లలను ఇలా వాడిన సందర్భాలు 17 అని నిఘా అధికారాల కమిషనర్ ఆ తర్వాత వెల్లడించాడు. వారిలో ఒకరి వయసు పదిహేనేళ్లు, మిగిలినవారికి పదహారు, పదిహేడు. పిల్లల హక్కుల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ న్యాయస్థానానికి వెళ్లింది. ఉన్న రక్షణలు చాలునని 2019లో హైకోర్టు ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. 2021లో వచ్చిన కొత్త చట్టం, రహస్య పనిలో భాగంగా నేరాలకు పాల్పడే అనుమతిని పిల్లలకు అసాధారణ పరిస్థితుల్లో మాత్రమే ఇవ్వవచ్చని చెప్పింది, పూర్తిగా నిషేధించలేదు.

ఈ పిల్లలు యోయోలు పట్టుకున్నవారు కారు. అప్పటికే మాదకద్రవ్యాల ముఠాల చేతికో, లైంగిక దోపిడీ చేసేవారి చేతికో చిక్కినవారి దగ్గర ఉన్న సమాచారమే పోలీసులకు కావలసి వస్తుంది కాబట్టి, రక్షించవలసిన పిల్లలనే మరికొంత కాలం అదే చోట ఉంచవలసి వస్తుందన్నది విమర్శకుల వాదన. ఎం.ఐ.6 సంస్థలో ఉద్యోగంలో చేరాలంటే పద్దెనిమిదేళ్లు నిండాలి. అంటే ఠీవిగా కనిపించే గూఢచార సంస్థ పిల్లలను తీసుకోదు, వీధిస్థాయి నేరాలను పరిశోధించేవారు మాత్రం వాడుకోగలరు. నవలలు చూపేదానికి ఇది తలకిందుల చిత్రం. కానీ జాక్‌ను చూపించి అలెక్స్‌ను ఒప్పించిన పద్ధతికీ, వేరే దారి లేని పిల్లల దగ్గర ఒప్పుకోలు తీసుకోవడానికీ మధ్య దూరం చాలా తక్కువ.

హైదరాబాదులోనో, డల్లాస్‌లోనో ఉన్న తెలుగు తల్లిదండ్రులు ఈ పుస్తకాలను పిల్లల చేతిలో చూసినప్పుడు ఎక్కువగా అడిగేది హింస గురించి. ఆ విషయంలో చెప్పవలసింది కొద్దిగానే ఉంది. అలెక్స్ రైడర్ నవలలు పది, పదకొండేళ్ల వారికి సరిపోతాయి. చెరబ్‌లో మత్తుమందులు, మోటు మాటలు, కౌమార సంబంధాలు ఉంటాయి కాబట్టి పన్నెండు, పదమూడు దాటాక మంచిది. కిమ్‌ను ఆ వయసులో ఒంటరిగా చదవడం కష్టం, పక్కన కూర్చుని చదివి వినిపించేవారు కావాలి. అయితే హింస కంటే ముందు వారితో మాట్లాడవలసినది బ్లంట్ గురించి. పెద్దవాడు పిల్లవాణ్ణి ఒక రహస్యంలోకి లాగి, ఎవరికీ చెప్పవద్దని, చెబితే నీకు ప్రియమైనవారికి హాని జరుగుతుందని అన్నప్పుడు, ఆ పెద్దవాడు ఏ జెండా కింద నిలబడి ఉన్నా, జరుగుతున్నది ఏమిటో పిల్లలు గుర్తించగలగాలి. ఈ సంభాషణను ఇంత సహజంగా మొదలుపెట్టగల కథ మరొకటి నాకు తట్టదు.

హోరొవిట్జ్ తన నాయకుడిని ఎక్కడికి చేర్చాడో కూడా చెప్పాలి. 2004లో వచ్చిన ‘స్కార్పియా’ చివర అలెక్స్ లివర్‌పూల్ స్ట్రీట్‌లోని ఆ బ్యాంకు భవనం నుంచి బయటికి వస్తుండగా ఎదుటి మేడ మీద నుంచి తూటా తగిలి రోడ్డు మీద పడిపోతాడు, పుస్తకం అక్కడే ముగుస్తుంది. 2011లో ఈ కథామాలికకు ముగింపుగా ఆయన రాసిన ‘స్కార్పియా రైజింగ్’లో, అలెక్స్ చదివే బడి మీద ఎవరో దూరం నుంచి కాల్పులు జరుపుతారు, ఆ భయంతోనే అతను మరోసారి పనికి ఒప్పుకుంటాడు. ఆ తుపాకీని పెట్టించింది బ్లంటేనని చివర మిసెస్ జోన్స్ తెలుసుకుంటుంది. పదకొండేళ్ల పాటు పాఠకులు అనుమానించిన దాన్ని రచయిత అలా నోరు తెరిచి చెప్పాడు. బ్లంట్ పదవి నుంచి తప్పుకుంటాడు. అలెక్స్‌కు బహుమతి, బిరుదు ఏదీ రాదు. తన స్నేహితురాలు సబీనా తల్లిదండ్రులు అతన్ని తమ ఇంట్లో ఉంచుకోవడానికి ఒప్పుకుంటారు, అతను శాన్‌ఫ్రాన్సిస్కో విమానం ఎక్కుతాడు. తర్వాతి సంవత్సరాల్లో హోరొవిట్జ్ మళ్లీ ఈ కథను అందుకున్నాడు, కానీ నా పుస్తకాల అరలో ఈ వరుస అక్కడితో ఆగుతుంది. ఎవరో ఒకరు సంతకం పెట్టవలసిన పిల్లవాడిగా అలెక్స్ తొలిసారి ఒక ఇంట్లోకి అడుగుపెట్టినది ఆ పుస్తకంలోనే.